కర్తృత్వ విచారణలో హాఫిజ్ మహమూద్ షీరానీ

గుర్రం జాషువ 1932లో ప్రకటించిన ‘ఫిరదౌసి’ వల్ల పారశీక చరిత్రకు చెందిన ఇద్దరు వ్యక్తులు తెలుగు పాఠకులకు చిరపరిచితులయ్యారు. ఒకరు రాజు మాట నమ్మి ముప్పయి ఏళ్లు కావ్యరచన చేసిన కవి. రెండోవారు బంగారం ఇస్తానని వెండి పంపిన గజనీ మహమూదు. ఈ కథ కల్పన అని, చరిత్ర దీన్ని సమర్థించదని వాదించిన వ్యాసాలు అప్పటికే ఉర్దూలో వెలువడ్డాయి. 1920ల్లో అవి వచ్చిన ‘ఉర్దూ’ త్రైమాసిక పత్రికను అంజుమన్ తరక్కీ ఎ ఉర్దూ నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు నుంచి ప్రచురించేది. సంపాదకుడు మౌల్వీ అబ్దుల్ హక్. వ్యాసకర్త హాఫిజ్ మహమూద్ షీరానీ (1880-1946). పారశీక సాహిత్య చరిత్రను భారతదేశం నుంచి తిరగరాసిన పండితుల్లో ఈయన ముఖ్యుడు. అయినా ఉర్దూ తెలియని పాఠకులకు ఆయన పేరు చాలా కాలం దూరంగానే ఉండిపోయింది. ఆయన పరిశోధన పద్ధతిని, దాని బలాన్ని, దాని హద్దులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

షీరానీ రాజపుత్రస్థానంలోని టోంకు సంస్థానంలో పఠాన్ కుటుంబంలో పుట్టాడు. బాల్యంలోనే ఖురానును కంఠస్థం చేయడం వల్ల పేరుకు ముందు ‘హాఫిజ్’ చేరింది. లాహోరు ఓరియంటల్ కళాశాలలో పారశీక పరీక్షలు పూర్తిచేసి, 1904లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్లాడు. తండ్రి మరణంతో ఇంటి నుంచి అందే సహాయం సన్నగిల్లింది. ఆ చదువు పూర్తి కాలేదు. బ్రతుకుతెరువు కోసం ప్రాచ్య గ్రంథాల వ్యాపారంలో పేరున్న లూజాక్ సంస్థతో పనిచేశాడు. అమ్మకానికి వచ్చిన అరబ్బీ, పారశీక రాతప్రతులను పరీక్షించి వాటి కాలాన్ని, విలువను నిర్ణయించడం అక్కడ ఆయనకు అలవడిన విద్య.

ఆయన జీవితంలో ఈ దశను ఎంత నొక్కి చెప్పినా తక్కువే. విశ్వవిద్యాలయంలో చదివిన పండితుడు సాధారణంగా గ్రంథాన్ని కర్త పేరుతో మొదలుపెట్టి చదువుతాడు. రాతప్రతుల వర్తకంలో అలా కుదరదు. కాగితం ఏ కాలానిది, లిపి ఏ ప్రాంతపుది, చివరి పుటలోని లేఖక వాక్యం అసలుదా తరువాత అతికించినదా, పాత రాజముద్ర నిజమైనదా అన్నవి తేలిన తరువాతే కర్త పేరుకు విలువ. పేరు పెద్దదైతే ధర పెరుగుతుంది కాబట్టి పెద్ద పేరునే ముందు అనుమానించాలి. షీరానీ తరువాతి పరిశోధన అంతా ఈ సూత్రానికి వ్యాఖ్యానంలా కనిపిస్తుంది. ఆయన నాణేల సేకర్త కూడా కావడం గమనార్హం. ముద్రించిన సంవత్సరాన్ని, పాలకుడి పేరును తన ఒంటి మీదే మోసే వస్తువుతో పరిచయం ఉన్నవాడికి, ఏ ఆధారమూ చెప్పని ఐతిహ్యంతో సహనం తక్కువగా ఉండడం సహజం. లండన్‌లో ఉండగానే 1911లో, పదిహేడో శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు హెన్రీ స్టబ్ ఇస్లాం ఆవిర్భావంపై రాసిన, అప్పటిదాకా అచ్చుకాని గ్రంథాన్ని పరిష్కరించి ప్రచురించాడు. 1913లో స్వదేశం చేరాడు. లాహోరు ఇస్లామియా కళాశాలలోనూ, 1928 నుంచి 1940 వరకు ఓరియంటల్ కళాశాలలోనూ అధ్యాపకుడిగా పనిచేశాడు. ఉర్దూ భావకవుల్లో ప్రసిద్ధుడైన అఖ్తర్ షీరానీ ఈయన కుమారుడు. తేదీలతో తప్ప మాట్లాడని తండ్రికి ఊహాసుందరి చుట్టూ కవిత్వమల్లిన కొడుకు పుట్టడం సాహిత్య చరిత్రలో చిన్న చమత్కారం.

షీరానీ పేరు పండిత లోకంలో మారుమోగడానికి కారణం షిబ్లీ నొమానీ ‘షేరుల్ అజమ్’పై ఆయన చేసిన విమర్శ. షిబ్లీ (1857-1914) సామాన్యుడు కాడు. అలీగఢ్‌లో అరబ్బీ పారశీకాలు బోధించి, 1901 నుంచి 1905 వరకు హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు శాస్త్ర కళా విభాగాన్ని నిర్వహించి, ఆ తరువాత లక్నోలో నద్వతుల్ ఉలమాకు కొత్త రూపం ఇవ్వడానికి శ్రమించిన మనిషి. అయిదు సంపుటాల ‘షేరుల్ అజమ్’ 1908 నుంచి వెలువడసాగింది. చివరి సంపుటం ఆయన మరణానంతరం వచ్చింది. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఇ.జి. బ్రౌన్ తన పారశీక సాహిత్య చరిత్రలో దీన్ని మెచ్చుకున్నాడు. అది పారశీకంలోకి అనువాదమై ఇరాన్ చేరింది. ఇరానీయుల కవిత్వం గురించి ఒక భారతీయుడు ఉర్దూలో రాసినది ఇరానీయులే చదువుకోవలసిన గ్రంథమైంది.

అటువంటి గ్రంథంపై షీరానీ వరుసగా వ్యాసాలు రాశాడు. ‘తన్‌ఖీదె షేరుల్ అజమ్’ పేరుతో అవి 1942లో పుస్తకంగా వచ్చాయి. ఆయన ఆక్షేపణల సారాంశం ఒకటే: షిబ్లీ ఆధారాలను తూచలేదు. కవుల జీవితాలకు షిబ్లీ ఆశ్రయించినవి ప్రధానంగా తజ్కిరాలు. కవి పేరు, రెండు మూడు ముచ్చట్లు, కొన్ని ఎంపిక పద్యాలు కూర్చిన సంకలనాలను తజ్కిరాలంటారు. వీటిలో బహుళ ప్రచారం పొందిన దౌలత్‌షా గ్రంథం 1487 నాటిది. అంటే రూదకీకి అయిదు వందల ఏళ్ల తరువాతది. దౌలత్‌షా చెప్పిన కథను తరువాతి తజ్కిరా కర్త తిరిగి చెబుతాడు, అతని నుంచి ఇంకొకడు. ముగ్గురు చెప్పారు గనుక నిజమని చరిత్రకారుడు భ్రమపడతాడు. ముగ్గురి నోటా పలికినది ఒక్కరి మాటే అని షీరానీ పదే పదే చూపిస్తాడు. ఆయన సాక్ష్యం కోసం వెళ్లేది కవి సమకాలీన చరిత్రలకు, కవి స్వీయరచనల్లోని ప్రస్తావనలకు, ఖసీదాల్లో పొగడబడిన రాజుల పాలనాకాలానికి. ఒక కవి ఒక రాజును పొగిడాడంటే ఇద్దరూ ఒకే కాలంలో బతికి ఉండాలి. ఈ సాధారణ నియమంతోనే ఎన్నో కథలు పడిపోయాయి.

తెలుగు పరిశోధకులకు ఈ వివాదం పరిచితమైన దారిలోనే నడుస్తుంది. గురజాడ శ్రీరామమూర్తి ‘కవి జీవితములు’లో చాటు కథలకు ఇచ్చిన చోటును, కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో శాసనాలకు, కృతిపతుల వంశావళులకు ఇచ్చిన చోటును పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక తెలుస్తుంది. అయితే పోలిక అక్కడే ఆగిపోవాలి. షిబ్లీ గ్రంథానికి ప్రాణం జీవిత చరిత్రల్లో లేదు. పారశీక కవితలో వర్ణన ఎలా మారింది, సూఫీ భావన గజలును ఎలా లోతుపరచింది, ఉపమ ఎక్కడ జీవం కోల్పోయి అలంకారంగా మిగిలిపోయింది అన్న పరిశీలనలు ఆ గ్రంథానికి ప్రాణం. షీరానీ విమర్శ అక్కడిదాకా వెళ్లదు. ఒక కవి జన్మసంవత్సరం తప్పైతే ఆ కవి పద్యానికి చెప్పిన రసవివేచన తప్పు కాదు. షిబ్లీ అభిరుచిని ఎదుర్కోవలసిన చోట షీరానీ మౌనం వహించాడు, లేదా అది తన పని కాదనుకున్నాడు. విమర్శ వెలువడేసరికి షిబ్లీ జీవించి లేడు. సమాధానం చెప్పలేని గ్రంథకర్తపై సాగిన ఈ సుదీర్ఘ విచారణలో అక్కడక్కడ కంఠం అవసరానికి మించి కటువైంది. కానీ తప్పులు తప్పులే. షిబ్లీ అభిమానులు సైతం తేదీల విషయంలో ఆ తరువాత షీరానీని సంప్రదించక తప్పలేదు.

షీరానీ శక్తి పూర్తిగా వెల్లడైనది ఫిరదౌసిపై రాసిన నాలుగు వ్యాసాల్లో. షానామా రచనకు కారణాలు, కాలం, మహమూదుపై అధిక్షేప కావ్యం, ఫిరదౌసి మతం, ‘యూసుఫ్ జులేఖా’ కర్తృత్వం అన్నవి వాటి విషయాలు.

‘యూసుఫ్ జులేఖా’ సంగతి ముందుగా చూడాలి. ఖురానులో ఉన్న యూసుఫ్ వృత్తాంతాన్ని చెప్పే ఈ మస్నవీని శతాబ్దాల పాటు ఫిరదౌసి వార్ధక్యంలో రాసిన కావ్యంగా భావించారు. జర్మన్ పండితుడు హెర్మన్ ఎథే దాన్ని ఆ పేరుతోనే 1908లో ఆక్స్‌ఫర్డులో పరిష్కరించి ప్రచురించాడు. షానామా వంటి మహాకావ్యం రాసిన చేయి ఇంత బలహీనంగా ఎందుకు రాసిందన్న ప్రశ్నకు ముసలితనం సమాధానమయింది. రాజుల కథలు చెప్పి విసిగిపోయానని కావ్యారంభంలో కవి పలకడం ఆ సమాధానానికి ఊతమిచ్చింది. రెండు కావ్యాల ఛందస్సూ ఒకటే, ముతకారిబ్. సంస్కృతాంధ్ర ఛందస్సులతో పరిచయమున్న వారికి దీని నడక కొత్తగా అనిపించదు: భుజంగప్రయాతంలో చివరి గురువును తొలగిస్తే షానామా పాదం వస్తుంది. నడక ఒకటే కావడం వల్ల చెవికి కర్త ఒకడే అనిపిస్తుంది.

షీరానీ చెవిని పక్కన పెట్టి మాటలను లెక్కపెట్టాడు. షానామాలో అరబ్బీ పదాలు మితంగా ఉంటాయి. రెండో కావ్యంలో అవి అడుగడుగునా వస్తాయి. విషయం మతసంబంధి కాబట్టి అరబ్బీ పెరిగిందని సమాధానం చెప్పవచ్చు. అందుకే ఆయన విషయంతో సంబంధం లేని చోట్లకు వెళ్లాడు. అవ్యయాలు, క్రియారూపాలు, సమాస నిర్మాణం, నిత్యవ్యవహారపు నుడికారం వంటివి కవి తెలిసి మార్చుకునేవి కావు. షానామా అంతటా ఒక విధంగా ఉన్న ప్రయోగాలు ఇక్కడ మరో విధంగా ఉన్నాయి. ఇక్కడ తరచుగా వచ్చే ప్రయోగాలు అక్కడ కనిపించవు. వృద్ధాప్యం కవి ప్రతిభను తగ్గించవచ్చు గాని, అతనికి తరువాతి తరం వ్యాకరణాన్ని నేర్పదు. ఈ అంతస్సాక్ష్యంతో షీరానీ ఆ కావ్యాన్ని ఫిరదౌసి ఖాతా నుంచి తొలగించాడు. కొంత కాలానికి ఇరాన్‌లో అబ్దుల్ అజీమ్ గరీబ్, ముజ్తబా మీనవీ అదే నిర్ణయానికి వచ్చారు. సెల్జూక్ రాజకుమారుడు తుగాన్‌షా కోసం అది రచితమైనట్లు ఒక రాతప్రతి వల్ల తెలిసింది. అంటే ఫిరదౌసి మరణానికి కొన్ని దశాబ్దాల తరువాత. షీరానీ మాటల లెక్కతో చేరిన చోటికే బహిస్సాక్ష్యమూ చేరింది. పాఠవిమర్శలో ఇంతకు మించిన నిరూపణ అరుదు.

ఇదే పనిముట్టును తెలుగులో మరో దిశలో వాడడం కనిపిస్తుంది. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న ‘క్రీడాభిరామము’ను శైలి ఆధారంగా శ్రీనాథునిదని వేటూరి ప్రభాకరశాస్త్రి నిలబెట్టబోయారు. చిన్న పేరు కింద ఉన్న మంచి కావ్యాన్ని పెద్ద కవికి ఇవ్వడం వేటూరి యత్నం. పెద్ద పేరు కింద ఉన్న సామాన్య కావ్యాన్ని వేరుచేయడం షీరానీ యత్నం. శైలి సాక్ష్యం ఇచ్చేటప్పుడు కన్నా తీసుకునేటప్పుడు బలంగా పనిచేస్తుంది. ఒక కవి రాసి ఉండగలడు అన్నంత మాత్రాన రాశాడని కాదు. రాసి ఉండలేడని తేలితే విచారణ ముగుస్తుంది.

మహమూదుపై అధిక్షేపం విషయంలో వాదం ఇంత నిర్దుష్టంగా లేదు. కథకు మూలం నిజామీ అరూజీ పన్నెండో శతాబ్ది మధ్యలో రాసిన ‘చహార్ మఖాలా’. మహమూదు పంపిన ఇరవై వేల దిర్హాములను కవి స్నానశాల సేవకుడికి, పానీయాలు అమ్మేవాడికి పంచివేయడం, పారిపోయి అధిక్షేపం రాయడం, చివరికి సుల్తాను పంపిన నీలిమందు ఒంటెల బిడారు ఒక ద్వారం గుండా తూసు నగరంలోకి వస్తుండగా కవి శవం మరో ద్వారం గుండా బయటికి పోవడం, కూతురు ఆ ధనాన్ని నిరాకరించడం అన్నీ అందులో ఉన్నాయి. బైతుకు ఒక బంగారు నాణెం అన్న వాగ్దానం మాత్రం అందులో లేదు. అది తరువాతి పీఠికల్లో పెరిగిన కొమ్మ. జాషువ కావ్యానికి ఆయువుపట్టు సరిగ్గా ఆ కొమ్మే. షానామా రచన మహమూదు సింహాసనమెక్కడానికి ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. కవి సుమారు 977లో పూనుకుంటే మహమూదు రాజ్యానికి వచ్చినది 998 ప్రాంతంలో. రాజు ఆజ్ఞతో కావ్యం పుట్టిందన్న మాట ఇక్కడే వీగిపోతుంది.

అధిక్షేపంలో ఆరు బైతులు మాత్రమే మిగిలాయని నిజామీ అరూజీ చెబుతాడు. తరువాతి షానామా ప్రతుల్లో అది వంద బైతులకు పైగా పెరిగింది. ఆ అదనపు బైతుల్లో చాలా భాగం షానామాలోని వేరు వేరు సందర్భాల నుంచి ఏరి అతికించినవని షీరానీ చూపించాడు. ఇంతవరకు ఆయన వాదం తిరుగులేనిది. ఇక్కడి నుంచి ఆయన మరో అడుగు వేసి, అసలు అధిక్షేపమే లేదన్నాడు. ఈ అడుగు ఆధారం మీద పడలేదు. చేతిలో ఉన్న పాఠం కృత్రిమమని రుజువైతే, అటువంటి రచన ఎన్నడూ జరగలేదని రుజువైనట్లు కాదు. షానామా పరిష్కర్త జలాల్ ఖాలిఖీ ముత్లఖ్ ఈ తేడాను గుర్తించి, ప్రచారంలో ఉన్న పాఠాన్ని అనుమానిస్తూనే అధిక్షేప రచనను పూర్తిగా కాదనడానికి ఒప్పుకోలేదు. మహమూదు కీర్తిని కాపాడాలన్న ఆరాటం షీరానీ వాదంలో వినిపిస్తుందని అనిపించేది ఇక్కడే. కవిపై అల్లిన కథలను తూచిన తక్కెడతో రాజుపై ఉన్న సానుభూతిని ఆయన తూచలేదు.

దీనివల్ల జాషువ కావ్యానికి వచ్చిన లోటు లేదు. మహమూదు చేసినదేమిటో నిర్ణయించడం జాషువ పని కాదు. ప్రతిభను అనుభవించి ప్రతిఫలం ఎగ్గొట్టే సమాజానికి ఒక ఐతిహ్యాన్ని అద్దంగా పట్టాడు ఆయన. చిక్కు వచ్చేది తెలుగు పాఠ్యగ్రంథాల పీఠికలతో. ఐతిహ్యమని చెప్పవలసిన చోట చరిత్ర అని రాయడం ఇకనైనా ఆగాలి.

షీరానీ మిగిలిన కర్తృత్వ నిర్ణయాల్లో రెండు మూడు తప్పక చెప్పుకోవలసినవి. ఫరీదుద్దీన్ అత్తార్ పేరుతో చలామణి అయ్యే ‘మజ్‌హరుల్ అజాయిబ్’, ‘లిసానుల్ గైబ్’ వంటివి అత్తార్‌వి కావని, తరువాతి కాలంలో అదే పేరు పెట్టుకున్న మరొకరివని ఆయన నిరూపించాడు. అజ్మీరు ఖాజా మొయినుద్దీన్ చిష్తీ (మరణం 1236) పేర అచ్చయి భక్తులు పారాయణ చేసే గజళ్ల దీవాను ఆయనది కాదనీ, పదిహేనో శతాబ్దంలో హేరాత్‌లో ఉన్న ధర్మోపన్యాసకుడు ముయీన్ మిస్కీన్‌దనీ తేల్చాడు. ఆ గజళ్లు ఆ ఉపన్యాసకుడి వచన గ్రంథాల్లో కనిపిస్తాయి. గందరగోళానికి కారణం తఖల్లుస్, అంటే కవి గజలు చివర చేర్చే కలం పేరు. ‘ముయీన్’ అన్న మాట ఎవరిదైనా కావచ్చు. లోకం దాన్ని తనకు తెలిసిన పెద్ద ముయీనుకు కట్టబెట్టింది. వేమన మకుటం విషయంలో తెలుగువారికి ఇది అనుభవమే. మకుటం కర్తకు రక్షణ అనుకుంటాం గాని, అనుకర్తకు తెరిచిన తలుపు కూడా అదే. చిష్తీ దీవాను విషయంలో షీరానీకి ఎదురైన ప్రతిబంధకం పాండిత్యానికి సంబంధించినది కాదు. తాను కూడా గౌరవించే మహనీయుడి పేరును ఒక గ్రంథం నుంచి తీసివేయవలసి రావడం అది. ఫిరదౌసి వ్యాసంలో తడబడిన నిష్పాక్షికత ఇక్కడ చెక్కుచెదరలేదు.

పరిశోధకుడి కంటే ప్రతిపాదకుడిగా షీరానీ బలహీనుడు. ‘పంజాబ్ మే ఉర్దూ’ (1928)లో ఉర్దూ పుట్టినిల్లు పంజాబు అన్నాడు. గజనవీ పాలకుల కింద లాహోరులో రూపుదిద్దుకున్న భాష ఢిల్లీకి, అక్కడి నుంచి సైన్యాలతో దక్కనుకు నడిచిందన్నది వాదం. ప్రధాన సాక్ష్యాల్లో ఒకటి గోలకొండ, బీజాపూరుల దక్కనీ. దక్కనీలో, పంజాబీలో బహువచనానికి ‘ఆఁ’ ప్రత్యయం రావడం వంటి పోలికలను ఆయన ఓపికగా కూర్చాడు. సామగ్రి అమూల్యం, నిర్ణయం నిలవలేదు. ఆ లక్షణాలు ఢిల్లీ పరిసరాల హరియాణీలోనూ ఉన్నాయని, తరువాత ఉస్మానియాలో ఉర్దూ ఆచార్యుడిగా పనిచేసిన మసూద్ హుసేన్ ఖాన్ 1948 నాటి గ్రంథంలో చూపించాడు. ‘పృథ్వీరాజ్ రాసో’పై 1943లో వచ్చిన గ్రంథంలోనూ ఇదే తీరు. అందులోని అరబ్బీ, పారశీక పదాలు పృథ్వీరాజు కాలానికి చెందవని చెప్పడంలో ఆయన సమర్థుడే. ఆ కావ్యం ప్రాచీనతను అంతకు చాలా ముందే కవిరాజ శ్యామలదాసు ప్రశ్నించాడు గనుక ఈ సంశయాన్ని మతపక్షపాతంగా కొట్టివేయడం న్యాయం కాదు. కానీ ముని జినవిజయుడు 1936లో ప్రకటించిన ‘పురాతన ప్రబంధ సంగ్రహం’లో చంద్ బర్దాయి పేర అపభ్రంశ పద్యాలు కనిపించాక, ఇప్పటి పాఠం అర్వాచీనమైనా దాని లోపల పాత బీజం ఉండవచ్చన్న ఆలోచనకు చోటు ఏర్పడింది. అధిక్షేప కావ్యం దగ్గర జరిగినదే ఇక్కడా జరిగింది.

‘ఖాలిక్‌బారీ’ విచారణ దీనికి భిన్నమైనది. అరబ్బీ, పారశీక పదాలకు హిందవీ అర్థాలు పద్యాల్లో చెప్పే ఈ చిన్న నిఘంటువును పాఠశాలల్లో తరతరాలుగా పిల్లలు అమీర్ ఖుస్రో రచనగా వల్లించారు. షీరానీ పాత ప్రతులను పోల్చి, దీని అసలు పేరు ‘హిఫ్జుల్ లిసాన్’ అనీ, జహంగీరు కాలంలో హిజ్రీ 1031లో (1621-22) జియావుద్దీన్ ఖుస్రో అనే వ్యక్తి దీన్ని రచించాడనీ తేల్చాడు. పరిష్కరించిన పాఠాన్ని అంజుమన్ 1944లో ప్రచురించింది. అమీర్ ఖుస్రో కీర్తికి దీని వల్ల తరిగినదేమీ లేదు. మూడు శతాబ్దాలుగా పెద్ద ఖుస్రో నీడలో కనిపించకుండా పోయిన చిన్న ఖుస్రో మాత్రం తన పుస్తకానికి మళ్లీ కర్త అయ్యాడు. షీరానీ పనిని కేవలం ఖండనగా చూసేవారు ఈ పుస్తకంతో మొదలుపెట్టడం మంచిది.

ఇంత చేసిన పండితుడి రచన దాదాపు అంతా ఉర్దూలోనే ఉంది. షిబ్లీ పొరపాట్లు పారశీకంలోకి అనువాదమై ఇరాన్ చేరాయి. వాటి దిద్దుబాట్లు అంత తొందరగా చేరలేదు. దేశభాషలో పరిశోధన చేసేవారందరికీ ఇది వర్తించే ఇబ్బందే. షీరానీ ఆ భాషను వదలలేదు. తాను సరిదిద్దుతున్న భ్రమలు ఏ పాఠకుల్లో ఉన్నాయో ఆ పాఠకుల భాషలోనే రాశాడు. 1940లో పదవీ విరమణ చేసి టోంకుకు తిరిగి వెళ్లి, 1946 ఫిబ్రవరిలో అక్కడే మరణించాడు. జీవితమంతా కూడబెట్టిన రాతప్రతులు రెండు వేలకు పైగా పంజాబ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. మరుసటి ఏడాది దేశ విభజన జరిగింది. సమాధి టోంకులో, గ్రంథాలు లాహోరులో ఉండిపోయాయి. చెల్లాచెదురైన వ్యాసాలను మనుమడు మజ్‌హర్ మహమూద్ షీరానీ సంపుటాలుగా కూర్చి లాహోరు నుంచి ప్రచురించాడు.